కప్ప కన్నా ముందు పెట్టె

కొమ్ముల కప్పని ఎలా పెంచాలో చెప్పే వీడియోలూ పుస్తకాలూ దాదాపు అన్నీ చలిదేశాల వాళ్ళు చేసినవే. హీట్ మ్యాట్ ఎక్కడ అంటించాలి, బల్బు ఎన్ని వాట్లుండాలి, రాత్రిపూట వెచ్చదనం పోకుండా ఏం చేయాలి అనే విషయాలే వాటిల్లో సగం ఉంటాయి. వాళ్ళ ఊళ్ళకి ఆ పాఠం సరిపోతుంది. విజయవాడ దగ్గరి మన మైలవరంలో దాన్ని ఉన్నదున్నట్టు పాటిస్తే మే నెల దాటకముందే పెట్టె ఖాళీ అవుతుంది. వేడి ఎలా తగ్గించాలి, తేమ ఎప్పుడు పెంచాలి, ఎప్పుడు తగ్గించాలి అనేవి మన ప్రశ్నలు. ఈ అధ్యాయం వాటి గురించే.

ముందు జీవి గురించి రెండు మాటలు. ప్యాక్‌మ్యాన్ ఫ్రాగ్ పేరుతో పెంపుడు జంతువుల దుకాణాల్లో ఎక్కువగా దొరికేది దక్షిణ అమెరికాలోని గ్రాన్ చాకో ప్రాంతపు క్రాన్‌వెల్ కొమ్ముల కప్ప. అర్జెంటీనా, పరాగ్వే, బొలీవియా, బ్రెజిల్ దేశాల్లో పరుచుకున్న మెట్టనేల ఈ చాకో. 1980లో వచ్చిన వీడియో గేములోని బొమ్మలాగా ఒళ్ళంతా నోరే కాబట్టి ఆ పేరొచ్చింది. పెరిగితే అరచేతి నిండా వస్తుంది, ఆడది ఇంకాస్త పెద్దది. బాగా చూసుకుంటే పదేళ్ళు, అంతకు మించి కూడా బతుకుతుంది. అంటే ఇంటర్లో చేరిన పిల్లాడు ముచ్చటపడి కొన్న కప్ప వాడికి ఉద్యోగమొచ్చి, పెళ్ళయ్యేదాకా ఇంట్లోనే ఉంటుంది. ఈలోగా దాన్ని చూసుకునేది వాళ్ళమ్మ. కొనిచ్చే ముందు పెద్దవాళ్ళు ఈ సంగతి మాట్లాడుకోవడం మంచిది.

చాకో పేరెత్తగానే కొందరు ఒక వాదం తెస్తారు. "అక్కడ కూడా నలభై దాటుతుంది కదండీ, మన ఎండ దానికో లెక్కా?" దాటే మాట నిజమే. కానీ వానల్లేని కాలంలో కప్ప నేల మీద ఉండదు. వెనక కాళ్ళతో మట్టిని తోసుకుంటూ కిందికి దిగిపోతుంది. విడిచిన చర్మపు పొరల్నే ఒకదాని మీద ఒకటి ఒంటికి చుట్టుకుని, మళ్ళీ వాన పడేదాకా కదలకుండా కూర్చుంటుంది. తడి తగలగానే ఆ పొరని ఊడదీసుకుని, దాన్నే తినేసి పైకొస్తుంది. మన మెట్టరైతుకి ఇదేమీ వింత కాదు. వేసవంతా జాడ లేని కప్పలు తొలకరి రాత్రికి ఒక్కసారిగా బెకబెకమనడం ఏ చెరువుగట్టు పక్కనున్నా వినిపిస్తుంది. అవన్నీ అప్పటిదాకా నేల అడుగునే ఉన్నాయి. నేల లోపల మధ్యాహ్నపు ఎండ దెబ్బ తగలదు.

మీ గాజుపెట్టెలో ఆ లోతు ఎక్కడుంది? మూడు నాలుగు అంగుళాల కొబ్బరిపొట్టు, దాని కింద గాజు, గాజు కింద బల్ల, నాలుగు వైపులా గదిలోని గాలి. కప్ప ఎంత తవ్వినా అదే వేడి. చాకోలో దానికున్న దారిని మనం మూసేశాం కాబట్టి, ఆ చల్లదనం చూపించాల్సిన పూచీ మనదే.

ఇక అంకెలు. పగలు 24 నుంచి 28 డిగ్రీలు, రాత్రి 21 నుంచి 24. గాలిలో తేమ 60 నుంచి 80 శాతం. పెట్టెలో 30 దాటిందంటే మీరు లేచి ఏదో ఒకటి చేయాల్సిన వేళ అయిందన్నమాట. 32 దాటి గంటల తరబడి ఉంటే ప్రాణం మీదికొస్తుంది. కప్ప ఒంటి వేడి గది వేడిని బట్టే ఉంటుంది, మనలాగా లోపల సర్దుకునే ఏర్పాటు దానికి లేదు. నోటితో నీళ్ళు తాగదు, పొట్ట కింది చర్మంతో పీల్చుకుంటుంది. ఊపిరి కూడా కొంత చర్మం నుంచే. అందుకే కప్ప విషయంలో వేడినీ తేమనీ విడదీసి చూడకూడదు.

ఆవిరి పట్టించకండి

మన వేసవిలో ఎక్కువమంది చేసే పొరపాటు ఇక్కడే. వడగాలికి పెట్టెలో తేమ 35 శాతానికి పడిపోయిందని మీటరులో చూస్తారు. కంగారుపడి జాలీమూత మీద ప్లాస్టిక్ కాగితం కప్పేసి, స్ప్రేబాటిల్‌తో లోపలంతా తడిపేస్తారు. గంటలో తేమ 90 చూపిస్తుంది, మనసు కుదుటపడుతుంది. ఆ గదిలో వేడి 36. అప్పుడది పెట్టె కాదు, ఇడ్లీపాత్ర. పొడివేడిలో తడి చర్మం మీంచి నీరు ఆవిరవుతూ కప్పకి ఆ కాస్త చల్లదనమైనా ఇస్తుంది. గాలి నిండా ఆవిరి కమ్మేస్తే అది కూడా ఆగిపోతుంది. కాబట్టి వేసవిలో వరస ఎప్పుడూ ఒకటే: ముందు వేడి దించండి, తర్వాతే తేమ పెంచండి. రెండిట్లో ఒక్కటే చేయగలిగిన పరిస్థితి వస్తే వేడి దించడమే చేయండి. పొడితనాన్ని నీళ్ళగిన్నె ఉన్న కప్ప ఒకపూట ఓర్చుకుంటుంది.

వేడి దించడానికి మన ఇళ్ళల్లో ఏనాటినుంచో ఉన్న ఉపాయం తడి ఇసుక మీద కుండ, దాని చుట్టూ తడిగుడ్డ. పెట్టెకి కూడా అది పనిచేస్తుంది, కానీ అన్ని రోజులూ పనిచేయదు. ఏ రోజు పనిచేస్తుందో తేల్చుకోవడానికి చిన్న పరీక్ష ఉంది. మామూలు థర్మామీటరు గుండుకి తడి నూలుగుడ్డ చుట్టి, ఫ్యాను గాలిలో పది నిమిషాలు వేలాడదీయండి. అది ఎక్కడికి దిగి ఆగుతుందో, నీటి ఆవిరితో ఆ రోజు మీరు సాధించగల చల్లదనానికి అదే అడుగు. దానికన్నా కిందికి ఏ కుండా, ఏ కూలరూ దించలేవు. ఏప్రిల్లో మైలవరం వైపు వీచే వడగాలి 42 డిగ్రీలుండి, తేమ 25 శాతమే ఉంటే, తడిగుడ్డ థర్మామీటరు 26 దగ్గర ఆగుతుంది. ఆ రోజు తడి గోనెపట్టా, కిటికీకి వట్టివేళ్ళ తడిక, నీళ్ళ కూలరు బ్రహ్మాండంగా పనిచేస్తాయి. అదే మే నెలాఖరులో సముద్రం వైపు నుంచి తేమ ఎక్కి ఉక్కపోత మొదలైన రోజు చూడండి: 40 డిగ్రీలు, 45 శాతం తేమ. ఎండ రెండు డిగ్రీలు తగ్గింది కదా అనుకుంటాం. తడిగుడ్డ మాత్రం 30 దగ్గరే ఆగిపోతుంది. ఆ రోజు కూలరు తిప్పితే గదిలో ఆవిరి నింపడమే అవుతుంది. రోహిణి కార్తెలో కప్పలు ఎక్కువగా పోయేది ఇలాంటి ఉక్కరోజుల్లోనే. అప్పుడు ఏసీ గదో, ఐసుసీసాలో తప్ప వేరే దారి లేదు.

ఏసీ ఉందంటే నిశ్చింతగా ఉండొచ్చా అంటే, దాని తంటా దానికుంది. ఏసీ గదిని చల్లబరుస్తూనే గాలిలోని తేమని నీళ్ళుగా పిండి బయటికి పంపేస్తుంది. గొట్టంలోంచి బకెట్లోకి కారేది అదే. ఏసీ గాలి నేరుగా తగిలే చోట జాలీమూత పెట్టె ఉంటే, కొబ్బరిపొట్టు తెల్లారేసరికి పైపొర పొడిపొడిగా అయిపోతుంది. మూతలో మూడింట రెండు వంతులు గాజుతోనో మందపాటి ప్లాస్టిక్‌తోనో కప్పి, మిగిలింది గాలికి వదిలేయండి. రిమోట్ మీద 26 అని కనపడితే పెట్టెలో 26 ఉన్నట్టు కాదు. తీగ చివర గుండు ఉండే డిజిటల్ థర్మామీటరు కొని, ఆ గుండుని కప్ప కూర్చునే ఎత్తులో, పొట్టుకి ఆనించి పెట్టండి. గోడకి పైన అంటించే గుండ్రటి మీటర్లు అలంకారానికే. రోజులో అతి తక్కువ, అతి ఎక్కువ వేడిని గుర్తుపెట్టుకునే రకం అయితే ఇంకా మంచిది.

ఏసీ లేని ఇంట్లో పెట్టె ఎక్కడ పెడతారన్నదాని మీదే సగం ఆధారపడి ఉంటుంది. డాబా ఇంట్లో శ్లాబు పగలంతా ఎండ మింగి, సాయంత్రం నుంచి లోపలికి కక్కుతుంది. అందుకే పై అంతస్తు గదిలో రాత్రి తొమ్మిదింటికి కూడా మధ్యాహ్నమంత వేడి. మధ్యాహ్నం ఒకసారి చూసి సరేననుకుంటే చాలదు, భోజనాల వేళ మళ్ళీ చూడాలి. కింది అంతస్తు, ఉత్తరం వైపు గది, బయటి ఎండ తగలని లోపలి గోడ పక్క, బల్ల మీద కాకుండా నేరుగా గచ్చు మీద. ఈ నాలుగూ కలిస్తే పైసా ఖర్చు లేకుండా కొన్ని డిగ్రీలు కలిసొస్తాయి. పెంకుటిల్లు ఇంకా ఉన్నవాళ్ళు అదృష్టవంతులు. కిటికీ ఎండ పది నిమిషాలు పడినా గాజుపెట్టె లోపల ఎంత కాగుతుందో చేయి పెట్టి చూస్తేగాని నమ్మలేరు.

కరెంటు సంగతి కూడా చెప్పుకోవాలి. ఇబ్రహీంపట్నంలో నార్ల తాతారావు థర్మల్ స్టేషన్ మనకి కూతవేటు దూరంలో ఉంటే మాత్రం ఏం లాభం, ఈదురుగాలికి మామిడికొమ్మ తీగ మీద పడితే పోయిన కరెంటు ఎప్పటికొస్తుందో ఎవరూ చెప్పలేరు. లీటరు నీళ్ళసీసాలు రెండు మూడు ఎప్పుడూ ఫ్రీజర్లో గడ్డకట్టి ఉంచండి. పెట్టె పట్టేంత థర్మోకోల్ డబ్బా ఒకటి చేపల మార్కెట్లో దొరుకుతుంది. కరెంటు పోతే పెట్టెని అందులో దించి, ఒక పక్కన గుడ్డ చుట్టిన ఐసుసీసా నిలబెట్టి, మూత వారగా వేయండి. ఐసుని కప్ప ఉన్న పెట్టెలోపల, పొట్టు మీద పెట్టకండి. ఒక పక్క చల్లగా, ఇంకో పక్క కాస్త వెచ్చగా ఉంటే ఎటు జరగాలో దానికే తెలుసు.

పిడికిట్లో పొట్టు

కొబ్బరి మనకి కొదవ లేదు, నర్సరీల్లో కోకోపీట్ ఇటుకలు చవగ్గానే దొరుకుతాయి. అయితే కొబ్బరిపొట్టులో ఉప్పు ఉండిపోవడం మామూలే. బకెట్లో నానబెట్టి రెండు మూడు సార్లు నీళ్ళు మార్చి పిండాకే వాడండి. పిడికిట్లోకి తీసుకుని గట్టిగా నొక్కితే ముద్దగా నిలవాలి, వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారకూడదు. విడిచిపెట్టగానే రాలిపోతే పొడి, కారితే తడి ఎక్కువ. మీటరు చెడిపోవచ్చు గాని ఈ పరీక్ష చెడిపోదు. లోతు కప్ప ఒళ్ళు మునిగేంత ఉండాలి, పిల్లకప్పకి రెండంగుళాలు, పెద్దదానికి నాలుగు. పెరటి మట్టి వద్దు, ఎరువూ పురుగుమందూ ఏ కాలాన చల్లిందో తెలియదు. గులకరాళ్ళు అసలే వద్దు, ఎరతో పాటు మింగేస్తుంది.

నీళ్ళ విషయంలో, కుళాయి నీటిలోని క్లోరిన్ చర్మం గుండా నేరుగా లోపలికి పోతుంది. వెడల్పు పళ్ళెంలో ఒక రోజంతా తెరిచి పెడితే మామూలు క్లోరిన్ ఎగిరిపోతుంది. అక్వేరియం కొట్లో దొరికే క్లోరిన్ విరిచే చుక్కలు వేస్తే ఇంకా నమ్మకం. గిన్నె వెడల్పుగా, కప్ప గడ్డం దాకా మాత్రమే లోతుగా ఉండాలి, ఎందుకంటే దీనికి ఈత సరిగా రాదు. నీళ్ళు రోజూ మార్చాలి. కప్ప మూత్రంలోని అమ్మోనియా పొట్టులో పేరుకుని, అదే చర్మం గుండా తిరిగి లోపలికి పోతే కప్ప తన మైలతో తనే విషమెక్కి చస్తుంది. పెట్టె మూత తీయగానే ఘాటు వాసన వచ్చిందంటే పొట్టు మార్చడం అప్పటికే ఆలస్యమైంది.

వానాకాలంలో కథ తిరగబడుతుంది. జూలై వచ్చేసరికి గదిలోనే చాలినంత తేమ ఉంటుంది, ఇక స్ప్రేబాటిల్ అటక మీద పెట్టేయొచ్చు. మూత మీది ప్లాస్టిక్ తీసేసి జాలీ అంతా తెరవండి. ఈ కాలంలో శత్రువులు బూజు, చిన్న చిన్న ఈగలు, పొట్టు అడుగున నిలిచే నీళ్ళు. ముసురు నాలుగు రోజులు పట్టిందంటే పొట్టు సగం మార్చేయడమే మేలు. ఎప్పుడూ తడిగా ఉండే నేల మీద కూర్చున్న కప్పకి పొట్టకిందా తొడల లోపలా ఎర్రటి మచ్చలు తేలతాయి. అది బాక్టీరియా జబ్బు, పసుపు రాస్తే పోదు. వరద సంగతి కూడా ఉంది: బుడమేరు వాగు మన కొండల్లో పుట్టి 2024 ఆగస్టు ఆఖర్లో, సెప్టెంబరు మొదట్లో విజయవాడని ఎలా ముంచిందో చూశాం. వానలప్పుడు కప్పని ఎత్తుకుపోవడానికి మూతకి చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ డబ్బా ఒకటి, తడిపొట్టు నింపడానికి సిద్ధంగా, కనపడే చోట ఉంచుకోండి.

చలికాలానికి పెద్దగా చెప్పేదేమీ లేదు. జనవరి రాత్రుళ్ళు కొన్నాళ్ళు గదిలో 20 కిందికి దిగితే పెట్టెకి మూడు వైపులా థర్మోకోల్ పలక చాలు. హీట్ మ్యాట్ పెట్టి తీరాలంటే థర్మోస్టాట్‌తో, పక్క గోడకే అంటించండి, అడుగున వద్దు. వేడి తగిలితే కప్పకి తెలిసిన ఉపాయం కిందికి తవ్వడం ఒక్కటే. అడుగునే కాలుతుంటే అది తప్పించుకుందామనుకుంటూ ఆ వేడిలోకే దిగుతుంది.

కప్ప ఏం చెబుతోంది

మామూలు రోజుల్లో కొమ్ముల కప్ప పొట్టులో నడుం దాకా కూరుకుని, కళ్ళు మాత్రం పైకి పెట్టి, గంటలకొద్దీ బొమ్మలా ఉంటుంది. అది ఆరోగ్యమే. కదలని కప్పని చూసి భయపడేవాళ్ళు అసలు భయపడాల్సింది కదిలే కప్పని చూసి. పొట్టులోంచి పైకొచ్చి, గోడల వెంట పాకుతూ, నీళ్ళగిన్నెలోకి దిగి కాళ్ళు బార్లా చాపుకుని కూర్చుంటే వేడి తగిలిందని అర్థం. తర్వాతి మెట్టులో ఒళ్ళు మెత్తబడి, తిరగేస్తే మళ్ళీ బోర్లా పడలేదు. అప్పుడు వెంటనే చల్లటి గదికి మార్చి, 24, 25 డిగ్రీల నీళ్ళలో ముక్కు మునగకుండా కూర్చోబెట్టండి. ఐసునీళ్ళు పోయకండి, ఆ అదురుకి ఉన్న ప్రాణం కూడా పోతుంది. తేమ చాలకపోతే ఇంకో రకం: చర్మం మెరుపు తగ్గి, గట్టి కాగితంలా పొర కట్టి, కళ్ళు మూసుకుని తిండి మానేస్తుంది. ఆ పొరని మీరు గోళ్ళతో ఒలవొద్దు. గోరువెచ్చకన్నా కాస్త చల్లగా ఉన్న నీళ్ళలో రోజుకో అరగంట ఉంచుతూ, పొట్టుని మెల్లగా తడుపుకొస్తే తనే విప్పుకుంటుంది.

తిండి కూడా వేడితో ముడిపడిందే. పెద్ద కప్పకి వారం పది రోజులకోసారి పెడితే చాలు, పిల్లకప్పకి రెండు రోజులకోసారి. పెట్టెలో 30 దాటిన రోజున గాని, 20 కిందికి పడిన రోజున గాని పెట్టొద్దు, ఎర పొట్టలో అరక్క కుళ్ళుతుంది. వానపాములు, పెంచిన బొద్దింకలు, కీచురాళ్ళు మంచి తిండి, వాటి మీద కాల్షియం పొడి చల్లి పెట్టాలి. మామిడితోటల్లోనో పత్తిచేలల్లోనో పట్టిన మిడతలు మాత్రం వద్దు, మందు కొట్టని తోట మన చుట్టుపక్కల ఎంత ఉందో మీకూ తెలుసు. ఎరని చేత్తో అందించకండి, పొడవాటి పటకారు వాడండి. 2017లో అచ్చయిన ఒక పరిశోధన ప్రకారం నాలుగున్నర సెంటీమీటర్ల వెడల్పు తలున్న కొమ్ముల కప్ప కాటు బలం 30 న్యూటన్లు. మూడు కిలోల బరువు వేలి మీద పడినట్టు. అన్నట్టు, దోమల చక్రం, గోడకి గుచ్చే దోమలమందు, బొద్దింకల స్ప్రే ఇవేవీ కప్ప ఉన్న గదిలో ఉండకూడదు. మన దోమలకి దోమతెర ఒక్కటే దారి. శానిటైజర్ రాసుకున్న చేత్తో కూడా కప్పని తాకొద్దు.

జబ్బు చేస్తే ఎవరి దగ్గరికి పోవాలన్నది కొనకముందే కనుక్కోవాలి. కుక్కలకీ గేదెలకీ చూసే డాక్టర్లందరూ కప్పని పట్టరు. గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది, అక్కడ అడిగితే ఎవరు చూస్తారో తెలుస్తుంది. అలాగే రసీదు లేకుండా కొనకండి. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో వచ్చిన సవరణ, దాని కింద 2024లో వచ్చిన నియమాల ప్రకారం అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపార ఒప్పందమైన సైటిస్ జాబితాలోని విదేశీ జీవులు ఇంట్లో ఉంటే కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్లో నమోదు చేయించాలి. మీరు కొనే జాతికి అది వర్తిస్తుందో లేదో అటవీశాఖ ఆఫీసులో అడిగి తెలుసుకోండి. పెంచలేకపోతే మాత్రం తీసుకెళ్ళి చెరువులో వదలొద్దు. అది మన కప్పల్ని మింగడం ఒక ఎత్తు, చర్మానికి పట్టే కైట్రిడ్ బూజులాంటి జబ్బులు అంటించడం ఇంకో ఎత్తు. ప్రపంచంలో ఎన్నో కప్పజాతులు ఆ బూజు వల్లే తుడిచిపెట్టుకుపోయాయి.

ఇన్ని చెప్పాక అసలు పని. ఈ వేసవికి కప్పని కొనకండి, పెట్టెని కొనండి. పొట్టు నింపి, గిన్నెలో నీళ్ళు పోసి, థర్మామీటరూ తేమ మీటరూ పెట్టి, ఖాళీ పెట్టెనే ఏప్రిల్ నుంచి మృగశిర కార్తె వెళ్ళేదాకా పెంచండి. పొద్దున్న ఆరింటికి, మధ్యాహ్నం మూడింటికి, రాత్రి తొమ్మిదింటికి వేడీ తేమా రెండూ ఒక నోటుపుస్తకంలో రాయండి. కరెంటు పోయిన రోజులు ఎర్రసిరాతో రాయండి, పెళ్ళికని ఊరెళ్ళి చూడలేకపోయిన రోజులు కూడా. అన్ని ఉపాయాలూ చేశాక కూడా రాత్రి గడిలో 30 మళ్ళీ మళ్ళీ కనపడితే మీ ఇల్లు ఈ కప్పకి పనికిరాదు, కొనకండి. 29 దాటకుండా నోటుపుస్తకం పూర్తయితే వానలు కుదురుకున్నాక, ఆగస్టులో వెళ్ళి తెచ్చుకోండి.